వరంగల్ నుంచి నిజాం కార్ల దాకా: పాత కార్ల మ్యూజియం ఎట్లా చూడాలి

పాత కార్ల మ్యూజియంకు వెళ్ళిన వాళ్ళలో చాలామంది పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. ఒక కారు పక్కన నిలబడి ఫోటో, పక్క కారు దగ్గర ఇంకో ఫోటో, అంతే. ఏం చూడాలో, ఏది ముందు చూడాలో చెప్పేవాళ్ళు లేక అట్లా అవుతుంది. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి ఒక్క రోజు కేటాయించి వెళ్ళే కుటుంబానికి ఆ రోజు నిండుగా గడవాలని ఇది రాస్తున్నాను. నా సలహా ముందే చెప్తాను: తక్కువ కార్లు చూడండి, ఒక్కో కారు దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఇంకొకటి, మీతోపాటు పాత బండి నడిపిన మనిషినో, బండి బాగుచేసిన మనిషినో తీసుకెళ్ళండి.

ముందు ఎక్కడికో తేల్చుకోండి

మన దేశంలో పాత వాహనాల మ్యూజియంలు చాలానే ఉన్నాయి. కోయంబత్తూరులో గీడీ కార్ మ్యూజియం, మైసూరు దగ్గర పయణ, అహ్మదాబాద్‌లో ఆటో వరల్డ్, హర్యానాలోని తావ్డూలో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం. ఆ ఊళ్ళకు వేరే పని మీద వెళ్ళినప్పుడు చూడొచ్చు. మనకు దగ్గర హైదరాబాదే. పాతబస్తీలో కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మూడు చోట్లున్నాయి: పురానీ హవేలీలో నిజాం మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం. మొదటి రెండింటిలో రాజుగారి కార్లు. మూడోదాంట్లో ఒక మనిషి తుక్కు సామానుతో చేతులతో తయారు చేసిన కార్లు. ఈ రెండు రకాలనూ ఒకే రోజు చూడగలగడం మనకు దొరికిన అదృష్టం. అందుకే మూడూ కలిపి పెట్టుకోమంటాను. చిన్నపిల్లలుంటే మాత్రం పురానీ హవేలీ వదిలేసి మిగతా రెండు చూడండి.

రోజు, ప్రయాణం

శుక్రవారం వెళ్ళొద్దు. ఆ రోజు పురానీ హవేలీ, చౌమహల్లా రెండూ మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో రెండూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటాయి. సుధా కార్స్ ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 దాకా. అది ఆలస్యంగా మూస్తారు కాబట్టి చివర పెట్టుకోవాలి. పండుగ రోజైతే ముందే ఒక ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం చార్మినార్ వైపు రద్దీ ఎక్కువ. వీలైతే మామూలు రోజే మంచిది.

వరంగల్, కాజీపేట నుంచి రైలైతే సికింద్రాబాద్‌కు రెండున్నర గంటలు అటూ ఇటూ. ఉదయం పదిలోపు దిగేలా రైలు చూసుకోండి. స్టేషన్ దగ్గరే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది. అక్కడ బ్లూ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, గ్రీన్ లైన్‌లోకి మారితే నేరుగా ఎంజీబీఎస్. హనుమకొండ నుంచి బస్సులో వస్తే ఉప్పల్‌లో దిగి అదే బ్లూ లైన్ ఎక్కొచ్చు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బస్సులు జేబీఎస్‌కు వస్తాయి కాబట్టి వాళ్ళకు గ్రీన్ లైన్ అక్కడే దొరుకుతుంది, మారే పనే లేదు. ఎంజీబీఎస్ నుంచి ఆటో. సొంత కారులో వెళ్తే జనగామ, భువనగిరి మీదుగా ఉప్పల్ దాకా హాయిగానే ఉంటుంది, ఆ తర్వాతే టెన్షన్. పాతబస్తీ సందుల్లో పార్కింగ్ కోసం తిరగడం కన్నా కారును ఏదైనా మెట్రో స్టేషన్ పార్కింగులో పెట్టి వెళ్ళడం నయం.

వరస ఇట్లా పెట్టుకోండి: పదకొండుకు పురానీ హవేలీ, పన్నెండున్నరకు చౌమహల్లా, రెండున్నరకు చార్మినార్ దగ్గర భోజనం, నాలుగుకు బహదూర్‌పురా. రాత్రి రైలుకు తొందర లేకుండా అందుకుంటారు.

ఎవరిని తీసుకెళ్ళాలి

ఇది చాలా ముఖ్యం. మీ ఇంట్లోనో వాడలోనో లారీ నడిపిన కాకా, అంబాసిడర్ టాక్సీ నడిపిన పెద్దనాన్న, జీపులో మేడారం జాతరకు జనాన్ని మోసిన మామ, డెంటింగ్ షెడ్డులో పనిచేసే అన్న ఎవరో ఒకరుంటారు. టికెట్ మీరు పెట్టుకుని వాళ్ళను రమ్మనండి. మ్యూజియం బోర్డు మీద సంవత్సరం, కంపెనీ పేరు ఉంటాయి. ఆ కారు స్టీరింగ్ ఎంత బరువుగా తిరుగుతుందో, గేరు మార్చాలంటే క్లచ్చి ఎన్నిసార్లు తొక్కాలో వాళ్ళే చెప్పగలరు.

వెళ్ళేటప్పుడు రైల్లో పిల్లల చేత అడిగించండి. "కాకా, మీరు నడిపిన మొదటి బండికి సెల్ఫ్ ఉండెనా, హ్యాండిల్ కొట్టెటోళ్ళా?" "రాత్రి లైటు ఆరిపోతే ఏం చేసెటోళ్ళు?" "బ్రేకు పడకపోతే?" ఈ మూడు ప్రశ్నలు చాలు. మ్యూజియంలో కారు ముందు నిలబడ్డప్పుడు ఆ జవాబులన్నీ పిల్లలకు గుర్తొస్తాయి.

ముందురోజు సాయంత్రం వీలైతే పిల్లల్ని మీ ఊళ్ళోని ఏదైనా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళండి. రేకును సుత్తితో కొట్టి ఒంపు తేవడం, పుట్టీ పెట్టి రుద్దడం, రంగు గన్నుతో కొట్టడం పావుగంట చూస్తే చాలు. కారు బాడీ అంటే ఏమిటో చేతి పనిగా తెలుస్తుంది.

పురానీ హవేలీ: ఇక్కడ కళ్ళకు అలవాటు చేయండి

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి పాతికేళ్ళు నిండిన సందర్భంగా 1937లో రజతోత్సవాలు జరిగాయి. అప్పుడు వచ్చిన కానుకలు, వెండి నమూనాలు ఈ మ్యూజియంలో ఎక్కువ. ఆరో నిజాం పొడవైన చెక్క బీరువాల గది కూడా ఇక్కడిదే, చూసి తీరాలి. మనం వచ్చింది కార్ల కోసం కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఉందాం. చెప్పుకోదగ్గవి 1930 నాటి రోల్స్ రాయిస్, ఒక ప్యాకార్డ్, ఒక జాగ్వార్ మార్క్ ఫైవ్.

ఇక్కడ ఒక్క పని చేయండి. రోల్స్‌నూ జాగ్వార్‌నూ పోల్చి చూడండి. మార్క్ ఫైవ్ 1948 నుంచి 1951 దాకా తయారైంది. అంటే రెండింటికీ మధ్య ఇరవై ఏళ్ళే తేడా. రోల్స్‌కు హెడ్‌లైట్లు విడిగా నిలబడి ఉంటాయి, మడ్‌గార్డులు వేరు, బానెట్ వేరు, తలుపు పక్కన ఎక్కడానికి ఫుట్‌బోర్డు వేరు. ఏ భాగానికి ఆ భాగం చేసి అతికినట్టు ఉంటుంది. జాగ్వార్ దగ్గరికి వచ్చేసరికి లైట్లు మడ్‌గార్డులోకి ఒదగడం మొదలైంది. హైడ్రాలిక్ బ్రేకులు (గొట్టంలోని నూనె ఒత్తిడితో పట్టేవి) వచ్చిన మొదటి జాగ్వార్ కూడా అదే. అంతకుముందు వాటిలో పెడల్ తొక్కితే కడ్డీలు, తీగలు లాగి బ్రేకు పట్టించేవి. అవి నాలుగు చక్రాలకూ సమానంగా పట్టేలా సరిచేసుకోవడం డ్రైవర్‌కు నిత్యం ఉండే పని. మీతో వచ్చిన మెకానిక్‌ను ఇక్కడ మాట్లాడనివ్వండి.

ప్యాకార్డ్ చక్రం మధ్యలో ఎర్రని ఆరు పలకల గుర్తు ఉంటుందేమో వెతకమని పిల్లలకు చెప్పండి. ఆ అమెరికా కంపెనీ 1950ల చివర్లో మూతపడింది కాబట్టి ఈ పేరు చాలామందికి తెలియదు. ఒకప్పుడు మన సంస్థానాధీశులు రోల్స్ తర్వాత ఇష్టపడి కొన్న బండ్లలో అదొకటి.

చౌమహల్లా: ఒక్క పసుపు కారు ముందు అరగంట

ఖిల్వత్ దర్బారు హాలులో షాండ్లియర్ల కింద అందరూ ఆగుతారు, మీరూ ఆగండి. తర్వాత కార్ల వైపు నడవండి. అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఈ రోజు మొత్తంలో దేనికైనా అరగంట ఇవ్వాలంటే దీనికే ఇవ్వండి.

కథ ఇది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఈ కారుకు ఆర్డరిచ్చారు. కారు వచ్చేలోపే, 1911 ఆగస్టులో, ఆయన చనిపోయారు. ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ఊరేగింపులకు, వేడుకలకు మాత్రమే తీశారు. 1947 నాటికి అది తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు. కిలోమీటర్లలో 570 అనుకోండి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయి వస్తే ఆ లెక్క దాటిపోతుంది. ముప్పై అయిదేళ్ళలో తిరిగింది అంతే. రంగు కూడా ఊరికే ఎంచుకున్నది కాదు, అసఫ్‌జాహీ జెండా రంగు పసుపు. వెనక సీటు మామూలు సీటు కాదు, జనానికి కనబడేలా ఎత్తుగా కట్టిన సింహాసనం. అందుకే దీన్ని థ్రోన్ కార్ అంటారు.

ఇప్పుడు ఈ కారును ఎట్లా చదవాలో చెప్తాను. ఈ పద్ధతి ఏ పాత కారుకైనా పనికొస్తుంది.

మొదట ఛాసిస్ (బండి కింది చట్రం) ఎవరిది, బాడీ ఎవరిది అని అడగండి. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ ఇంజను, ఛాసిస్, రేడియేటర్ మాత్రమే ఇచ్చేది. బాడీ కట్టేవాళ్ళు వేరు. ఈ కారు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ అనే కంపెనీ, గుర్రపు బగ్గీలు కట్టిన అనుభవం వాళ్ళది. మన దగ్గర లారీ కొన్నవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. కంపెనీ ఛాసిస్ ఇస్తే, క్యాబిన్, ట్రక్కు బాడీ షెడ్డులో కట్టించుకుని, మనకు నచ్చిన రంగులు, పూలు, దేవుడి పేరు వేయించుకునేవాళ్ళం. నిజాం ప్రభుత్వం 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. ఆ తర్వాతి కాలంలో హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ కూడా బస్సు బాడీలు కట్టింది. అంటే ఛాసిస్ మీద బాడీ కట్టే పని రాజుగారి కారు దగ్గరా, మన పల్లె బస్సు దగ్గరా ఒక్కటే. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి.

తర్వాత చక్రాలు చూడండి. తొలినాళ్ళ కార్లలో చాలావాటికి చెక్క ఆకులే, మన ఎడ్లబండి చక్రంలాగ. తర్వాత ఇనుప తీగల చువ్వలు, ఆ తర్వాత రేకు చక్రాలు వచ్చాయి. చక్రం చూస్తే కారు వయసు సుమారుగా చెప్పగలిగే స్థాయికి ఒక్క రోజులో రావచ్చు.

మూడోది దీపాలు. కరెంటు లైట్లు రాకముందు కార్లకు ఎసిటిలీన్ దీపాలుండేవి. కార్బైడ్ మీద నీళ్ళు చుక్కచుక్కగా పడితే గ్యాస్ పుట్టి వెలుగుతుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడిన కార్బైడే అది. గ్యాస్ వెల్డింగ్ చేసే అన్న ఎవరైనా మీతో ఉంటే ఆ వాసన ఎట్లా ఉంటుందో చెప్తాడు. ఇత్తడి దీపం కింద చిన్న డబ్బా, దాని నుంచి పోయే గొట్టం కనబడితే అది గ్యాస్ దీపమని పట్టుకోవచ్చు.

నాలుగోది ముందు భాగంలో, రేడియేటర్ కింద హ్యాండిల్ పెట్టే రంధ్రం. కరెంటు సెల్ఫ్ స్టార్టర్‌ను మామూలు అమ్మకపు కారులో మొదట తెచ్చింది క్యాడిలాక్, 1912 మోడల్‌లో. చార్లెస్ కెటరింగ్ చేసిన పని అది. అంతకుముందు హ్యాండిల్ తిప్పాల్సిందే. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. మీ కాకా ఇక్కడ తన చేయి చూపించి ఒక కథ చెప్పినా ఆశ్చర్యం లేదు.

అయిదోది మెరుపు. పాత కారుమీద మెరిసేదంతా క్రోమ్ కాదు. 1920ల చివరి దాకా ఇత్తడి, నికెల్ పూత వాడారు. నికెల్ మెరుపులో కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్ మెరుపు నీలంగా, చల్లగా ఉంటుంది. రెండు కార్లను పక్కపక్కన చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1912 నాటి కారుకు నీలం మెరుపు క్రోమ్ కనబడితే, ఆ భాగం తర్వాత పూత వేయించిందై ఉంటుంది.

ఆరోది రంగు. 1920లలో డ్యూకో లక్కర్ అనే త్వరగా ఆరే రంగు వచ్చేదాకా కార్లకు కుంచెతోనే పూత మీద పూత వేసి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ వేసేవాళ్ళు. ఒక్క కారు రంగుకు వారాలు పట్టేది. మన పెయింటర్లు డ్యూకో పెయింట్ అనేది ఆ పేరునే. బాడీ ఎంత నున్నగా ఉందో చూడాలంటే కారు ఒక మూల దగ్గర వంగి, పక్క నుంచి పొడవునా చూడండి. ట్యూబ్‌లైటు ప్రతిబింబం తిన్నగా సాగితే రేకు బాగుంది. అలలు అలలుగా వంకర పోతే కింద పుట్టీ ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మన మెకానిక్ చేసే పరీక్ష ఇదే.

చివరగా రేడియేటర్ మూత మీద బొమ్మ. రోల్స్ మీద ముందుకు వంగి, బట్టలు రెక్కల్లా వెనక్కి ఎగురుతున్న స్త్రీ బొమ్మను చార్లెస్ సైక్స్ అనే శిల్పి 1911లో చేశాడు. అది మూతకు తగిలించిన నిజమైన శిల్పం. కారు కళ అని విడిగా ఒకటి ఉందంటే మొదట చూపించాల్సింది ఈ బొమ్మే.

ఇవన్నీ ఒక్క కారుకు చేసి, మిగతా బండ్లను హాయిగా చూసుకుంటూ పోండి. అన్నిటికీ ఈ పరీక్ష పెడితే అలిసిపోతారు.

సుధా కార్స్: తుక్కులోంచి బొమ్మ, బొమ్మలోంచి కారు

పొద్దంతా లండన్ పనితనం చూసి ఇక్కడికి వస్తే మొదట నవ్వొస్తుంది. క్రికెట్ బ్యాట్ ఆకారంలో కారు, బర్గర్ కారు, కెమెరా కారు, హెల్మెట్ కారు, ఎత్తు మడమల చెప్పు కారు, కమోడ్ కారు. పిల్లలు పరిగెత్తుతారు, పరిగెత్తనివ్వండి. రెండో చుట్టులో మాత్రం వాళ్ళను ఆపండి.

ఇవన్నీ కె. సుధాకర్ తుక్కు సామానుతో చేయించిన, నడిచే బండ్లు. 2010లో ఈ మ్యూజియం తెరిచారు. 2005లో ఆయన చేసిన పెద్ద మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. మూడంతస్తుల ఇంటిని మించిన ఎత్తు.

ఒక్కో బండి దగ్గర వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడు? బర్గర్ గుండ్రంగా ఉండాలి, కానీ లోపల మనిషి పట్టాలి, ముందు దారి కనబడాలి, చక్రాలు తిరగాలి, ఇంజనుకు గాలి తగలాలి. పొడుగ్గా, సన్నగా ఉండే బ్యాటుకు చక్రాలు ఎంత దూరంలో పెడితే పక్కకు పడిపోకుండా ఉంటుంది? చెప్పు ఆకారంలో బరువు ఏ వైపు ఎక్కువ? వంగి కింద చూడండి. ఛాసిస్, చక్రాలు, గొలుసు, సైలెన్సర్ కనబడతాయి. బోర్డు మీద రాసింది చదవండి, ఇంజను వివరం పిల్లల చేత చదివించండి. పైన బొమ్మ ఎంత వింతగా ఉన్నా కింద ఉన్నది మన ఊరి మెకానిక్‌కు తెలిసిన సామానే. నిజాం కారుకు బార్కర్ కంపెనీ చేసిన పని ఏమిటో, ఇక్కడ చేసిన పనీ అదే: ఒక ఛాసిస్ తీసుకుని దాని మీద ఒక ఊహను రేకుతో కట్టడం. అక్కడ బంగారు జరీ ఉంది, ఇక్కడ తుక్కు ఉంది. చేయి తిరిగినతనం రెండు చోట్లా ఉంది, ఆ గౌరవం రెండింటికీ ఇవ్వాలి.

బొమ్మలు గీసే పిల్లలుంటే ఒక నోటుబుక్కు ఇచ్చి అరగంట కూర్చోబెట్టండి. "నీకు నచ్చిన వస్తువును కారుగా మార్చు, డ్రైవర్ సీటు ఎక్కడో గీయి" అనండి. నాగలి కారు, బతుకమ్మ కారు, బోనం కారు, ఏదైనా సరే. సీటు, చక్రాలు కుదిరాయా లేదా మీతో వచ్చిన మెకానిక్ చూసి చెప్తాడు.

ఫోటోలు, చేతులు

ఫోన్‌ను హెడ్‌లైటు ఎత్తులో పట్టుకోండి. నిలబడి పై నుంచి తీస్తే కారు బొమ్మలా కుంచించుకుపోతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తీస్తే ఆకారం సాగదు. ఫ్లాష్ వద్దు, మెరుపు మీద తెల్ల మచ్చే మిగులుతుంది. అద్దం వెనక ఉన్న కారుకు ఫోన్‌ను అద్దానికి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పెట్టండి. కెమెరాకు విడిగా టికెట్ ఉందేమో కౌంటర్లో అడగండి.

ముట్టుకోవద్దు. చేతి చెమటలోని ఉప్పు పాత నికెల్‌ను, ఇత్తడిని నల్లబరుస్తుంది. తోలు సీటు ఒక్కసారి చిట్లితే అదే రకం తోలు మళ్ళీ దొరకదు. పిల్లలకు ముందే కారణంతో సహా చెప్తే వింటారు.

మీ ఇంటి పెరట్లోని బండి

ఈ యాత్ర తర్వాత ఇంట్లో మూలన పడ్డ బండి మీద చూపు పడడం సహజం. తాతగారి జీపు, పాత ఫియట్, రాజ్‌దూత్, ఎజ్డీ ఉత్తర తెలంగాణ ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. తుక్కు కింద అమ్మే ముందు ఒక్క నియమం తెలుసుకోండి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి పాత వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు ఇది వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి రూ. 5,000. ఆ బండిని రోజువారీ పనికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తీయొచ్చు.

1970ల మొదట్లో రిజిస్టరైన బండి ఇప్పటికే ఆ యాభై ఏళ్ళు దాటింది. కాబట్టి పాత ఆర్‌సీ పుస్తకం పారేయొద్దు. ఊడిపోయిన అసలు భాగాలు, ఇంజను కంపెనీ ప్లేటు, పాత మీటరు, హార్న్ ఒక సంచిలో మూటగట్టి పెట్టండి. ఛాసిస్ నంబరు కనబడే చోట గ్రీజు పూసి తుప్పు పట్టకుండా చూడండి. ఆ నంబరు చదవడానికి వీలు లేకుండా పోతే, రిజిస్ట్రేషన్ దగ్గర మొదటి చిక్కు అదే.